ఆస్తి తగాదా, 1 కొరింథీ 6: నోటీసు పంపొద్దని చెల్లికి నేను చెప్పాలా?

కొల్లిపర కుర్రాడు | ఆదివారం, రాత్రి 9:50

అందరికీ వందనాలు. విషయం కాస్త పొడుగు, ఓపికగా చదవండి.

నాన్నగారు పోయి ఏడాది దాటింది. వీలునామా రాయలేదు. ఆయన ఉద్యోగం చేసి కొన్నవి రెండు: తెనాలి దగ్గర ఎనిమిది సెంట్ల ఇల్లు, ఎకరం ఇరవై సెంట్ల పొలం. మేం ముగ్గురం. అన్నయ్య ఊళ్లోనే ఉంటాడు, మా చర్చి సంఘానికి సెక్రటరీ. అమ్మ వాళ్ల దగ్గరే. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం. చెల్లి విజయవాడలో, బావగారికి ఆరు నెలలుగా పని లేదు.

అన్నయ్య హక్కు విడుదల పత్రం రాయించాడు. ఇల్లు, సగం పొలం తనకు. మిగతా సగం నాకు. చెల్లికి పెళ్లప్పుడు ఇచ్చేశాం కాబట్టి ఏమీ లేదు. అమ్మ మాటే అందులో లేదు. చెల్లి సంతకం పెట్టనంది, లాయర్ నోటీసు పంపుతానంది.

పోయిన వారం మా ఇంట్లో నాన్నగారి జ్ఞాపకార్థ కూడిక. పాస్టరు గారు వేరే వాక్యం ఏదీ దొరకనట్టు, బైబిల్లో పౌలు కొరింథు సంఘానికి రాసిన ఉత్తరం, 1 కొరింథీయులు 6 తీశారు. సహోదరుడు సహోదరుని మీద వ్యాజ్యెమాడకూడదని అరగంట చెప్పారు. అందరి చూపూ చెల్లి మీదే. చివర్లో అందరూ ఆమేన్ అన్నారు, తను అనలేదు. టీ గ్లాసులు తీసుకుని దొడ్లోకి వెళ్లి, కడిగిన గ్లాసులే మళ్లీ కడుగుతూ నిలబడింది. నేను వెళ్లి పలకరిస్తే, ‘నువ్వు కూడా వాక్యం చెప్పకు చిన్నన్నయ్యా’ అంది.

ఇప్పుడు అన్నయ్య నన్ను చెల్లితో మాట్లాడమంటున్నాడు, నువ్వు చెబితే వింటుందని. విశ్వాసిగా నేను చేయాల్సింది అదేనా? సమాధానపరచువారు ధన్యులు అంటారు కదా. నాకు మటుకు నిద్ర పట్టడం లేదు.

మన్నా బుట్ట | ఆదివారం, రాత్రి 10:25

వందనాలు బ్రదర్. బాధగా ఉంది. కానీ వాక్యం స్పష్టంగానే ఉంది కదా. ‘అంతకంటె అన్యాయము సహించుట మేలు కాదా?’ అని పౌలు అడిగాడు. కోర్టుకెక్కితే పదేళ్లు. ఊళ్లో అన్యుల ముందు సాక్ష్యం పోతుంది, విశ్వాసులుగా మన పేరు పోతుంది. అబ్రాహామును చూడండి. లోతు కాపరులతో గొడవ వచ్చినప్పుడు ‘నువ్వు ఎడమకు వెళితే నేను కుడికి వెళతాను’ అన్నాడు. వదులుకున్నాడు, దేవుడు అంతకు మించి ఇచ్చాడు. సిస్టర్ గారిని కూడా ప్రభువు ఆశీర్వదిస్తాడు. ప్రార్థన చేసి, ప్రేమగా చెప్పి చూడండి.

కృష్ణలంక | ఆదివారం, రాత్రి 10:41

మన్నా బుట్ట గారూ, మీరు చెప్పిన కథలో పెద్దవాడు ఎవరండీ? అబ్రాహాము. లోతు ఆయనకు తోడబుట్టినవాడి కొడుకు. కోరుకునే హక్కు పెద్దవాడికి ఉంది, ఆయనే ముందు నువ్వు కోరుకో అన్నాడు. లోతు నీళ్లున్న యొర్దాను మైదానం తీసుకున్నాడు, పెద్దాయన కొండల్లోకి పోయాడు.

మరి వీళ్లింట్లో పెద్దవాడు ఎనిమిది సెంట్ల ఇల్లూ తనే తీసుకుని, చిన్నదాన్ని అబ్రాహాములా ఉండమంటున్నాడు. అబ్రాహాము పాత్ర ఎప్పుడూ ఆడపిల్లకే ఇస్తారేంటో.

నల్లకోటు | సోమవారం, ఉదయం 6:30

నేను లాయర్ని, సంఘస్థుడిని కూడా. వాక్యం తర్వాత చూద్దాం, ముందు చట్టం ఎక్కడుందో తెలుసుకోండి, లేకపోతే దేన్ని వదులుకుంటున్నారో కూడా తెలియదు.

క్రైస్తవులకు 1925 భారత వారసత్వ చట్టం వర్తిస్తుంది. వీలునామా లేకుండా పోతే భార్యకు మూడో వంతు. మిగతా రెండు వంతులు పిల్లలందరికీ సమానం, కొడుకని కూతురని తేడా లేదు. అంటే మీ ఇంట్లో అమ్మగారికి 1/3, మీ ముగ్గురికీ తలా 2/9. పెళ్లికి ఇచ్చింది ఇందులోంచి తీసేయాలని ఆ చట్టంలో లేదు.

మీ అన్నగారు రాయించిన పత్రంలో అన్నిటికంటే పెద్ద వాటాదారు పేరే లేదు. చెల్లెలి సంగతి తర్వాత, అమ్మగారి సంగతేంటి? ఆవిడను ఎవరైనా అడిగారా?

ఒక ప్రశ్న. రికార్డుల్లో మీరు ఏమని ఉన్నారు?

కొల్లిపర కుర్రాడు | సోమవారం, ఉదయం 8:05

అమ్మను ఎవరూ అడగలేదండి. నేనూ అడగలేదు.

రికార్డుల్లో ఎస్సీ హిందూ. మా తాతగారి కాలం నుంచీ చర్చికే వెళతాం. మీకు తెలియనిదేం కాదు కదా. అన్నయ్య టెన్షన్ కూడా అదే, కోర్టుకు వెళితే అదంతా బయటికి వస్తుందని.

నల్లకోటు | సోమవారం, ఉదయం 8:40

తెలుసు. ఈ వేదికలో సగం మందికి తెలుసు.

అయితే విషయం ఇది. రికార్డు ప్రకారం వెళ్లి 1956 హిందూ వారసత్వ చట్టం పట్టుకున్నా, నాన్నగారి స్వార్జితంలో భార్య, కొడుకులు, కూతురు నలుగురికీ సమానం. అంటే తలా పావు. ఏ చట్టం పట్టుకున్నా చెల్లెలికి సున్నా మాత్రం రాదు. తేడా వాటాల కొలతలోనే, అమ్మగారిది తగ్గుతుంది, పిల్లలది కాస్త పెరుగుతుంది.

ఇక మీ అన్నగారి భయం ఉత్త భయం కాదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైతే ఎస్సీ హోదా ఉండదు. క్రైస్తవ మతంలోకి మారినవారు ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టాన్ని వాడుకోలేరని 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒక పాస్టరు పెట్టిన కేసులో చెప్పింది కూడా. ఏ చట్టం కింద పంపకం అని కోర్టులో వాదన మొదలైతే ఎక్కడ ఆగుతుందో చెప్పలేం. ఇంట్లోనే తేల్చుకోవడానికి ఇది గట్టి కారణమే. కానీ ఆ భయాన్ని చెల్లెలి మీదే రుద్దితే ఎట్లా? ఆ భయం అన్నగారికి ఉంటే, ఆయనే ఎక్కువ సర్దుకుపోవాలి.

వేప చెట్టు కింద | సోమవారం, మధ్యాహ్నం 1:10

నేను క్రైస్తవుణ్ణి కాదు, అప్పుడప్పుడు చదువుతుంటాను. తప్పుగా అనుకోకండి. మా ఇళ్లల్లోనూ అచ్చం ఇదే జరుగుతుంది. పసుపు కుంకుమ కింద ఇచ్చేశాం కదా అంటారు, పెద్దమనుషులు కూర్చుంటారు, ఆడపిల్లను సర్దుకుపొమ్మంటారు. మరి మీ విశ్వాసం వల్ల వచ్చిన తేడా ఏంటి? మావాళ్లు వాక్యం చదవరు, అంతేనా?

పాత సంఘకాపరి | సోమవారం, సాయంత్రం 5:20

వేప చెట్టు కింద ఉన్న బాబు అడిగింది న్యాయమైన ప్రశ్న. నేను ముప్పై ఏళ్ల పైన సేవ చేసి రిటైరయ్యాను. ఇలాంటి పంచాయితీలు చాలా చూశాను.

ముందు ఆ కొరింథీ పత్రిక సంగతి. ఏడో వచనం చదివి ఆపేస్తారు. ఎనిమిదో వచనం: ‘అయితే మీరే అన్యాయము చేయుచున్నారు, అపహరించుచున్నారు, మీ సహోదరులకే యీలాగు చేయుచున్నారు.’ పౌలు కోపం కోర్టు మెట్లెక్కిన వాడి మీద ఎంతో, లాక్కున్నవాడి మీదా అంతే. పైగా కొరింథు రోమా వాళ్ల కాలనీ. అక్కడ సివిల్ వ్యాజ్యం అంటే డబ్బు, పలుకుబడి ఉన్నవాడిదే పైచేయి. బీదవాడు పెద్దింటివాణ్ణి కోర్టుకీడవడం అరుదు, అటు నుంచి ఇటు ఈడవడమే ఎక్కువ. అది మనసులో పెట్టుకుని చదవాలి. ఐదో వచనంలో ‘మీలో బుద్ధిమంతుడు ఒకడైనను లేడా’ అని కూడా అడిగాడు. అంటే సంఘం కూర్చుని న్యాయంగా తీర్చాలి. తీర్చకుండా నోరు మూసుకొమ్మనడం పౌలు మాట కాదు.

అన్యాయం సహించడం మేలు కాదా అన్న మాటను ఎవరికి వారు తమకు చెప్పుకోవాలి. ఎదుటివాడి జేబులో చెయ్యి పెట్టి, వాడికి చెప్పే మాట కాదది.

రెండోది మత్తయి 18:15. ‘నీవును అతడును ఒంటరిగానున్నప్పుడు అతనిని గద్దించుము.’ ఒంటరిగా. వినకపోతే ఒకరిద్దరిని తీసుకుపో. అప్పటికీ వినకపోతే సంఘానికి చెప్పు. మీ పాస్టరు గారు మొదటి రెండు మెట్లూ దాటేసి కూడికలో మొదలుపెట్టారు. అదీ తప్పు ఎవరిదో విచారించకుండానే. కొల్లిపర బాబూ, నిన్నొకటి అడుగుతాను. నువ్వు అన్నయ్యతో ఎదురెదురుగా కూర్చుని, ఇద్దరే ఉన్నప్పుడు, ‘ఇది తప్పు’ అని ఎప్పుడైనా అన్నావా? వెళ్లి గద్దించు అన్నది చెల్లికే కాదు, నీకూ చెప్పిన మాటే.

మూడోది, సంఖ్యాకాండం 27. సెలోపెహాదుకు కొడుకులు లేరు, ఐదుగురు కూతుళ్లు. వాళ్లు మోషే ముందు, యాజకుడి ముందు, సర్వసమాజం ముందు నిలబడి మా నాన్న వాటా మాకివ్వండి అన్నారు. గుడారం గుమ్మం దగ్గర, బహిరంగంగా! మోషే దేవుణ్ణి అడిగాడు. వాళ్లు చెప్పింది సరైందే అన్నాడు దేవుడు. ఇన్నేళ్లలో ఈ భాగం మీద ప్రసంగం మీరు ఎన్నిసార్లు విన్నారు?

మన్నా బుట్ట | సోమవారం, సాయంత్రం 6:45

అయ్యగారూ, మీరు పెద్దవారు, వాదించను. కానీ ఇప్పుడు అందరూ హక్కులే మాట్లాడుతున్నారు, క్షమాపణ ఎవరూ మాట్లాడటం లేదు. డెబ్బది ఏళ్ల మారులు, అంటే డెబ్బై ఏడుల సార్లు, క్షమించమన్నాడు ప్రభువు. గ్లాడిస్ స్టెయిన్స్ గారిని తలచుకోండి. 1999లో ఒడిశా మనోహర్‌పూర్‌లో భర్తను, ఇద్దరు పసిపిల్లలను జీపులో సజీవంగా కాల్చేస్తే ఆవిడ క్షమించానంది. మనం ఎనిమిది సెంట్ల దగ్గర ఆగిపోతున్నాం.

నల్లకోటు | సోమవారం, రాత్రి 7:30

ఆవిడ గురించి పూర్తిగా చెప్పుకోవాలి మరి. క్షమించింది, నిజం. ద్వేషం పెట్టుకోనంది, భర్త చేస్తూ వచ్చిన కుష్ఠు రోగుల సేవ వదలకుండా బారిపదాలోనే ఇంకొన్నేళ్లు ఉంది. 2005లో పద్మశ్రీ ఇచ్చారు. కానీ కేసు ఆగలేదు. 2003లో కింది కోర్టు ప్రధాన నిందితుడికి ఉరిశిక్ష వేసింది, హైకోర్టు దాన్ని యావజ్జీవంగా మార్చింది, 2011లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. ఆవిడ క్షమించింది కదా అని ప్రభుత్వం దస్త్రం మూసేయలేదు, ఆవిడా మూయమనలేదు. మనసులో పగ లేకపోవడం ఒకటి, కాగితం మీద జరగాల్సింది జరగడం ఇంకొకటి. రెండూ ఒకే మనిషి జీవితంలో ఉన్నాయి కదా.

సస్క్వెహన్నా ఒడ్డున | మంగళవారం, ఉదయం 5:15

నేను పెన్సిల్వేనియాలో ఉంటాను. ఇక్కడికి గంట ప్రయాణంలో ఆమిష్ అనే క్రైస్తవ సమాజం వాళ్ల పల్లెలు. 2006 అక్టోబర్‌లో నికెల్ మైన్స్ అనే చోట ఒకడు వాళ్ల బడిలోకి తుపాకీతో వెళ్లి పదిమంది ఆడపిల్లలను కాల్చాడు. ఐదుగురు చనిపోయారు, వాడూ కాల్చుకున్నాడు. కొన్ని గంటల్లోనే ఆమిష్ పెద్దలు వాడి భార్య ఇంటికి, తల్లిదండ్రుల ఇంటికి వెళ్లి ఓదార్చారు. వాడి అంత్యక్రియలకు వచ్చినవాళ్లలో సగం పైగా ఆమిష్ వాళ్లే. బడికని వచ్చిన విరాళాల్లోంచి ఆ హంతకుడి భార్యాపిల్లలకూ కొంత ఇచ్చారు. ఆ బడిని పది రోజుల్లో నేలమట్టం చేసి, వేరేచోట కొత్తది కట్టుకున్నారు.

ఇక్కడ నాకు ముఖ్యమనిపించేది ఒకటుంది. దెబ్బ తిన్నవాళ్లే లేచి వెళ్లారు. హంతకుడి తరఫువాళ్లు వచ్చి ‘మీరు విశ్వాసులు కదా, క్షమించాలి’ అనలేదు. అలా అని ఉంటే ఎలా ఉండేదో ఊహించుకోండి.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఇదే సమాజంలో ఇళ్లల్లో జరిగే వేధింపులను ‘ఒప్పుకున్నాడు, క్షమించేశాం, ఇక మాట్లాడొద్దు’ అని మూసేస్తారని పత్రికల్లో విమర్శలు కూడా వచ్చాయి. అదే క్షమాపణ, కానీ లోపల బలవంతుడి చేతిలో పడ్డప్పుడు వేరే పని చేస్తుంది.

ఒలీవ కొమ్మ | మంగళవారం, ఉదయం 7:50

పై మాటకు ఒకటి కలుపుతాను. నాకు తెలిసిన అమ్మాయిని భర్త కొట్టాడని పుట్టింటికొస్తే, సంఘ పెద్దలు మూడుసార్లు ప్రార్థన చేసి తిరిగి పంపారు. ప్రతిసారీ ఎఫెసీ 5:22 చదివారు, భార్యలారా లోబడి ఉండుడి అని. దాని పైనున్న 21వ వచనం ఒకరికొకరు లోబడి ఉండమంటుంది, అది చదవలేదు. 25 దగ్గర భర్తకు చెప్పిందీ చదవలేదు. నాలుగోసారి చెయ్యి విరిగింది.

దెబ్బలున్న చోట మత్తయి 18 ‘ఒంటరిగా’ అనేది పెట్టకండి దయచేసి. ముందు అమ్మాయి క్షేమంగా ఉండే చోటికి వెళ్లాలి. 2005 గృహహింస చట్టం ఉంది, మహిళల హెల్ప్‌లైన్ 181 నంబరు ఉంది. సమాధానం తర్వాత చూసుకోవచ్చు.

మోడరేటర్ | మంగళవారం, ఉదయం 8:15

ఒలీవ కొమ్మ గారి విషయం చాలా ముఖ్యమైనది, దానికి వేరే చర్చ తెరిచాను. ఇక్కడ ఆస్తి విషయమే కొనసాగించండి. పాస్టర్లను, సంఘాలను పేర్లు పెట్టి రాయొద్దు. ఇప్పటికే రెండు వ్యాఖ్యలు తీసేశాను.

చీరాల చేనేత | మంగళవారం, ఉదయం 10:30

‘అన్యుల ముందు సాక్ష్యం పోతుంది’ అన్న మాట దగ్గర నాకు కాలింది, అందుకే రాస్తున్నా.

1985 జూలై 17న కారంచేడులో దళితులైన మావాళ్లను వెంటపడి చంపినప్పుడు, ప్రాణాలు దక్కించుకున్నవాళ్లు చీరాల వచ్చి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. అక్కడే శిబిరం, అక్కడే వంటలు, అక్కడే మీటింగులు. చెంప చూపించండని అక్కడ ఎవరూ ప్రసంగం చేయలేదు. కేసు 2008లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1991 చుండూరు దళితుల హత్యల సంగతీ అంతే. ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకున్నారు, 2007లో శిక్షలు పడ్డాయి, 2014లో హైకోర్టు కొట్టేసింది. ఆ తీర్పు వచ్చిన రోజు కూడా ఆ ఇళ్లల్లో ప్రార్థన ఆగలేదు. వీళ్ల సాక్ష్యం పోయిందంటారా?

పౌలే ఫిలిప్పీలో ఏం చేశాడు? విచారణ లేకుండా కొట్టి జైల్లో వేసి, తెల్లారాక గుట్టుగా వెళ్లిపొమ్మంటే, కుదరదు, వాళ్లే వచ్చి మమ్మల్ని బయటికి తీసుకెళ్లాలి అన్నాడు. ఆ తర్వాత కైసరు దగ్గరే చెప్పుకుంటానని అప్పీలు వేసుకున్నాడు. చెంప చూపించమన్న ప్రభువును ప్రధాన యాజకుడి ఇంట్లో బంట్రోతు కొడితే, ‘మంచి మాట ఆడినయెడల నన్నేల కొట్టుచున్నావు’ అని అడిగాడు. తిరిగి కొట్టలేదు, కానీ అడిగాడు.

మన్నా బుట్ట | మంగళవారం, ఉదయం 11:20

చీరాల బ్రదర్, నేను ఇంటి గొడవ గురించి అన్నాను, ఊచకోతల గురించి కాదు. రెండూ ఒకటి చేయకండి. అన్నదమ్ముల మధ్య ఒకసారి నోటీసు వెళ్లిందంటే ఆ తర్వాత పెళ్లికీ చావుకీ కూడా రారు. నేను చూశాను. అందుకే అంటున్నా.

చీరాల చేనేత | మంగళవారం, ఉదయం 11:45

సరే, ఒప్పుకుంటా. రెండూ ఒకటి కాదు. నోటీసు వెళ్లకపోతే మాత్రం ఆ చెల్లెలు పెళ్లికొచ్చి ఏం నవ్వుతుందో అది కూడా ఆలోచించండి.

పాలమూరు పిలగాడు | మంగళవారం, మధ్యాహ్నం 2:30

మా దిక్కు మెన్నొనైట్ బ్రదరన్ సంఘాలు ఎక్కువ. ఆయుధం పట్టొద్దు, యుద్ధానికి పోవద్దు అనేది మా పాత పెద్దల బోధ. రష్యా నుంచి, అమెరికా నుంచి వచ్చిన మిషనరీలు 19వ శతాబ్దం చివర్లనే ఆ బోధ తెలంగాణకు తెచ్చిండ్రు. చిన్నప్పుడు సండే స్కూల్ల బాగా విన్న. పెద్దయినంక అర్థమైంది, తుపాకీ పట్టకుండ ఉండుడు మాకు సులువే, మాకెవ్వడు తుపాకి ఇస్తుండు? కష్టమైంది కమిటీ ఎలక్షన్. ఏ సంఘంలనైనా కమిటీ ఎలక్షన్ అప్పుడు పోయి చూడుండ్రి, ఇంట గెలువుడు ఎంత కష్టమో తెలుస్తది.

కొల్లిపర అన్నా, మీ అన్నయ్య సెక్రటరీ అంటివి. పాస్టరు గారు ఆయన మాట కాదని వాక్యం చెప్పగలుగుతడా? జీతం చెక్కు మీద సంతకం ఎవరిది? ఈ పంచాయితీ ఆ సంఘంల తెగది. బయటి సంఘం నుంచి ఇద్దరు పెద్దమనుషులను పిలుచుకోండ్రి, అందుల ఒకరు ఆడమనిషి ఉండాలె.

వేప చెట్టు కింద | మంగళవారం, రాత్రి 8:00

అందరూ బాగా రాశారు. కానీ నా ప్రశ్నకు జవాబు ఇంకా రాలేదు.

పాత సంఘకాపరి | బుధవారం, ఉదయం 6:10

నిజమే బాబూ, దాటేశాను. చెబుతాను.

మత్తయి 5లో ఒక మాట ఉంది. బలిపీఠం దగ్గర అర్పణ పెట్టబోతుండగా నీ మీద నీ సహోదరునికి విరోధం ఉందని గుర్తొస్తే, అర్పణ అక్కడే వదిలి, ముందు వెళ్లి సమాధానపడి, తర్వాత వచ్చి అర్పించు. జాగ్రత్తగా చూడు. ‘నీకు వాడి మీద కోపముంటే’ అనలేదు. ‘వాడికి నీ మీద ఏదైనా ఉంటే’ అన్నాడు. అంటే బాధపడ్డది చెల్లెలైతే, లేచి వెళ్లాల్సింది అన్న.

మా సీఎస్ఐ (దక్షిణ భారత సంఘం) ఆరాధనలో ప్రభు భోజన సంస్కారానికి ముందు ‘సమాధానం’ ఇచ్చుకోవడం ఉంది. 1947లో సంఘాలు ఏకమైన తర్వాత తయారు చేసుకున్న క్రమంలోనే దాన్ని పెట్టారు. గురువు దగ్గర మొదలై, రెండు చేతుల మధ్య చేతులు పెట్టి, ఒకరి నుంచి ఒకరికి బల్లల వెంట చివరి వరుస దాకా వస్తుంది. పక్కనున్నవాడితో మాటల్లేకపోయినా ఆ చెయ్యి అందుకోవాలి. మా సంఘంలో గట్టు తగాదా ఉన్న ఇద్దరు రైతులు ఏడాది పాటు ఒకే బల్ల మీద కూర్చోకుండా తప్పించుకున్నారు. ఒక పండగ రోజు చోటు లేక పక్కపక్కన పడ్డారు. చెయ్యి ఇవ్వలేక ఒకాయన లేచి బయటికి పోయాడు. మరుసటి వారం ఆయనే నా దగ్గరికొచ్చి గట్టు కొలిపిద్దామన్నాడు. సర్వేయరుతో కొలిపించాం. అడుగున్నర ఈయనే జరిగాడని తేలింది.

తేడా ఇంతే. మేం మీకంటే మంచివాళ్లమని కాదు. తగాదా పెట్టుకుని ప్రభువు బల్ల దగ్గరికి వెళ్లలేని ఇబ్బంది ఒకటి మాకు అమర్చి పెట్టారు. దాన్ని వాడుకునేవాళ్లు తక్కువ. ఎక్కువమంది సంస్కారం రోజు ఒంట్లో బాగాలేదంటారు.

కృష్ణలంక | బుధవారం, ఉదయం 9:00

సర్వేయరు భలే నచ్చాడు అయ్యగారూ.

సస్క్వెహన్నా ఒడ్డున | బుధవారం, సాయంత్రం 6:40

కలవకపోతే ఏంటి అన్నది కూడా మాట్లాడుకోవాలి. పౌలు, బర్నబా ఎంత స్నేహితులు! మార్కును వెంట తీసుకెళ్లే విషయంలో తీవ్రంగా వాదించుకుని విడిపోయారు. బర్నబా మార్కును తీసుకుని కుప్రకు ఓడెక్కాడు, పౌలు సీలతో ఇంకో దారి పట్టాడు. అపొస్తలుల కార్యాల్లో దాన్ని దాచలేదు, ఎవరిది తప్పో కూడా రాయలేదు. ఏళ్ల తర్వాత తిమోతికి రాసిన ఉత్తరంలో మార్కును తీసుకురా, నాకు పనికొస్తాడు అంటాడు పౌలు. రోమా 12:18లో అందరితో సమాధానంగా ఉండమంటూనే, ‘శక్యమైతే మీ చేతనైనంత మట్టుకు’ అని రెండు షరతులు పెట్టింది కూడా ఆయనే. పంచుకుని ఎవరి దారిన వాళ్లు ఉండటం కూడా ఒక్కోసారి సమాధానమే.

కొల్లిపర కుర్రాడు | ఆదివారం, రాత్రి 10:15

అందరికీ థ్యాంక్స్. శుక్రవారం రాత్రి బస్సెక్కి ఊరెళ్లాను. చెల్లితో మాట్లాడలేదు, అన్నయ్యతో మాట్లాడాను.

పొలం చూద్దామని బయటికి తీసుకెళ్లాను. గట్టు మీద నిలబడి, ‘అన్నయ్యా, నేను ఆ పత్రం మీద సంతకం పెట్టను, అది తప్పు’ అన్నాను. ముందు చాలా కోపపడ్డాడు. నీకేం, హైదరాబాద్‌లో కూర్చున్నావు అన్నాడు. నేనేం అనలేదు. ఇంటికొచ్చాక బీరువాలోంచి ఒక ప్లాస్టిక్ కవరు తీసి నా ముందు కుమ్మరించాడు. నాన్నగారి డయాలసిస్ బిల్లులు, ఒక ప్రైవేట్ ఆసుపత్రివి. వారానికి రెండుసార్లు. వెనకాల పెన్సిల్‌తో ఎవరి దగ్గర ఎంత తెచ్చాడో రాసుకున్నాడు. వదిన గొలుసు కుదువ చీటీ కూడా ఉంది. ‘మీరిద్దరూ వచ్చారు, ప్రార్థన చేశారు, వెళ్లారు. ఎంతయిందని ఒక్కరు అడిగారా?’ అన్నాడు.

నేను నెలనెలా డబ్బు పంపాను, కానీ ఆ మొత్తం ముందు అది ఏ మూలకూ రాదు. చెల్లికి ఈ అప్పు సంగతే తెలియదు.

అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని అడిగాం. అమ్మ ఒకటే అంది, నేను బతికుండగా ఇల్లు ఎవరి పేరా వద్దు, నా తర్వాత మీ ముగ్గురూ చూసుకోండని. పత్రం ప్రస్తుతానికి ఆగింది. చెల్లిని నోటీసు ఆపమని నేను అడగలేదు, పంపమనీ అనలేదు. బిల్లులు ఫోటోలు తీసి తనకు పంపాను. చూసినట్టు నీలం టిక్కులు వచ్చాయి, జవాబు లేదు.

అప్పు లెక్క ఎలా తేల్చాలి లాయర్ గారూ?

నల్లకోటు | సోమవారం, ఉదయం 6:50

మంచి పని చేశారు. ఆ కవరే అసలు పంచాయితీ.

నాన్నగారి అంత్యక్రియల ఖర్చు, ఆఖరి జబ్బులో వైద్యం ఖర్చు ఆస్తిలోంచి ముందు తీయాలని 1925 చట్టంలోనే ఉంది. ఆయన అప్పులూ ఆస్తి మీదే పడతాయి. కాబట్టి పొలంలో కొంత అమ్మి అప్పు తీర్చడమో, అన్నగారికి ఆ మేరకు ఎక్కువ రాసివ్వడమో చేయండి. మిగిలిందే పంపకం. చెల్లెలు కూడా దీన్ని కాదనదు అనుకుంటున్నా, లెక్క ఆవిడ కళ్లతో చూస్తే.

అందరూ ఒప్పుకున్నాక కాగితాన్ని న్యాయ సేవాధికార సంస్థ ద్వారా లోక్ అదాలత్‌లో పెట్టండి. కేసు వేయకుండానే పెట్టొచ్చు. అక్కడిచ్చే అవార్డు, అంటే తీర్పు, సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా అక్కడ ఉచితంగా లాయర్ని ఇస్తారు. మీ చెల్లెలికి తన తరఫున ఒక మనిషి ఉంటే భయం తగ్గుతుంది. దాన్ని మీ అన్నగారు యుద్ధం అనుకోకుండా మీరు చూసుకోండి.

మన్నా బుట్ట | సోమవారం, ఉదయం 7:30

కొల్లిపర బ్రదర్, ఆ అప్పు సంగతి ఇక్కడ ఎవరికీ తెలియదు. అన్నగారిని అందరం దొంగలా మాట్లాడాం. లోక్ అదాలత్ అంటే నాకు అభ్యంతరం లేదు, అందరూ ఒప్పుకున్నాకే కదా. మీ ముగ్గురి కోసం శుక్రవారం ఉపవాస ప్రార్థనలో పేర్లు లేకుండా పెడతాను.

కృష్ణలంక | సోమవారం, ఉదయం 7:55

అప్పు నిజమే. అందుకని చెల్లికి సున్నా అని రాయడం నిజం కాకుండా పోదు. అప్పు చూపించి అడగొచ్చుగా ఆయన? పత్రం రాయించడమెందుకు?

విజయవాడ నాకు దగ్గరే. మీ చెల్లికి అభ్యంతరం లేకపోతే నా నంబరు మోడరేటర్ ద్వారా ఇప్పించండి. వాక్యం చెప్పను, మాట్లాడతానంతే.

కొల్లిపర కుర్రాడు | సోమవారం, రాత్రి 9:20

అడిగి చెబుతాను అక్కా. ఇందాకే మెసేజ్ పెట్టింది. గొలుసు ఎంతకు కుదువ పెట్టారని అడిగింది. వదినకు ఫోన్ చేసి నేరుగా అడగమన్నాను.

లాయర్ గారూ, అమ్మకు మోకాళ్లు బాగా నొప్పి, మెట్లెక్కలేదు. సంతకాల రోజు వస్తే రిజిస్ట్రారు ఇంటికి వస్తారా?

నల్లకోటు | సోమవారం, రాత్రి 9:45

వస్తారు. కదలలేని పరిస్థితి అని సబ్ రిజిస్ట్రార్‌కు దరఖాస్తు పెట్టి, దానికి వేరే ఫీజు కట్టాలి. డాక్టరు చీటీ జత చేయండి. కానీ తొందరపడొద్దు, ముందు లెక్కల కాగితం మీద ముగ్గురూ కూర్చోండి.